కొండబాబు ఎడమ చెంప

మా తాత నరసన్న చేత గడ్డం గీయించుకున్న శవం ఒక్కటి కూడా ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు. కావాలంటే ఒడిశాలో గంజాం జిల్లా అంతా తిరిగి కనుక్కోండి. బరంపురంలో అడగండి, చత్రపురంలో అడగండి, పాత్రపూర్ దాకా పోయి వల్లకాట్లో ఒక్కో బూడిద కుప్ప దగ్గరా వంగి అడగండి. గాటు పడిందని గానీ, మంట పుట్టిందని గానీ, చెవి కింద నాలుగు వెంట్రుకలు వదిలేశాడని గానీ ఒక్కరూ నోరు విప్పరు. ఇంత మంచి పేరు మా తాతకి బతికున్నవాళ్ల దగ్గర ఎన్నడూ రాలేదు.

మా సెలూన్ గేట్ బజార్‌లో బట్టల కొట్టుకీ పప్పుల హోల్‌సేల్ కొట్టుకీ మధ్య సందులో ఉంది. ఒకే గది, మధ్యలో పూల కర్టెన్. కర్టెన్‌కి అటు తాత కుర్చీ, ఇటు నా కుర్చీ. నేను ఆడవాళ్ల కనుబొమలకి దారం లాగుతాను. అమ్మా నాన్నా సూరత్ మిల్లు పనికి వెళ్తూ నన్ను ఆయనకి అప్పగించారో, ఆయన్ని నాకు అప్పగించారో ఇప్పటికీ తేలలేదు. పదో తరగతి లెక్కల పరీక్ష రెండుసార్లు నా ముఖం చూసింది. మూడోసారి నేనే చూపించలేదు. అందుకని తాత నాకేదైనా చెప్పాలంటే, "సదువు అబ్బని గుంటవి, ఇదైనా సరిగ్గా ఇను" అని మొదలుపెడతాడు.

ఆయన చెప్పేదంతా ఒక్క వస్తువు గురించే. బ్లేడు.

రెండు వైపులా పదునుండే బ్లేడు ఇళ్లలో అయితే అలాగే రేజరులో బిగించుకుంటారు. సెలూన్‌లో దాన్ని కాగితంతో సహా నిలువునా విరుస్తాం. టక్కుమని రెండు సగాలవుతుంది. ఒక సగం కత్తి పిడిలో బిగించి ఒక మనిషికి వాడతాం. రెండో సగం దాని కాగితం ముక్కలోనే రేకు డబ్బాలో కూర్చుని తరవాతి మనిషి కోసం ఎదురుచూస్తుంది.

కొత్త రకం బ్లేడు వచ్చిందంటే తాత దాన్ని తన ముఖం మీదే తేలుస్తాడు. ఎడమ చెంపకి ఒక రకం, కుడి చెంపకి ఇంకో రకం. గీసుకునేటప్పుడు కళ్లు మూసుకుంటాడు. పదును కళ్లతో చూసేది కాదట, చెవితో వినేదట. మంచి బ్లేడు గడ్డంలో నడుస్తుంటే పక్క గదిలో ఎవరో కొత్త చీర మడత విప్పుతున్నట్టు ఉంటుంది. పాడు బ్లేడు గొణుగుతుంది. తరవాత తడిపిన పటిక బిళ్ల రుద్దుతాడు. భగ్గుమంటే ఆ బ్లేడు పనికిరాదు. చిన్నగా చురుక్కుమంటే మంచిదే, బతికున్న చర్మానికి ఆ మాత్రం చురుకు ఉండాలి. ఆఖరున గిట్టుబాటు చూస్తాడు. పొద్దున గీసిన నునుపు సాయంత్రానికి పోయిందంటే ఆ బ్లేడు ఊరికే ఇచ్చినా దండగే అంటాడు.

ఇన్ని పరీక్షలకీ నిలబడింది నీలి కాగితం బ్లేడు ఒక్కటే. దాని అసలు పేరు ఆ కాగితం మీద ఇంగ్లీషులో ఉంటుంది. మా కొట్లో అందరికీ అది నీలి కాగితమే.

పోయినవాళ్లకి పద్ధతి వేరు. మావాళ్లలో మనిషి పోతే, పాడె లేచే ముందు ముఖం నున్నగా చేసి పంపుతారు. ఆ పనికి తాత ఒక బ్లేడు విరిచి రెండు సగాలూ ఒకే మనిషికి వాడతాడు. కుడి చెంపకి ఒకటి, ఎడమ చెంపకి ఒకటి. పని అయ్యాక రెండింటినీ పోయినాయన తల కింద పెట్టేస్తాడు.

"బతికున్నోళ్లకి సగం బ్లేడు, సచ్చినోళ్లకి నిండు బ్లేడా? ఇదేం న్యాయం తాతా?" అని అడిగాను ఒకసారి.

"బతికున్నోడు మళ్లీ గెడ్డం పెంచుకుంతాడు. పోనోడికి ఇదే ఆకరు. మొద్దుబారిన పదునుతో పంపిస్తామేటి?"

"మరి రెండో సగం మనం ఉంచుకుంటే ఏటవుతాది?"

తాత కత్తి తుడుస్తూ ఆలోచించాడు. "తెలీదు. ఇంతవరకు ఎవుడూ ఉంచుకోలేదు."

ఇక కొండబాబు సంగతి.

కొండబాబుది చమఖండి. సముద్రం మీద వేటకి పోయేవాడు. చేపల వ్యాన్ ఎక్కి బరంపురం మార్కెట్‌కి వచ్చినప్పుడల్లా పని ముగించుకుని మా కొట్లో కూర్చునేవాడు. నలభై దాటినా తలలో గానీ గడ్డంలో గానీ ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఉప్పుగాలికి కాలిన ముఖం, దాని మీద కొబ్బరి పీచులాంటి నల్లటి గడ్డం. తాత పని ముగించి తువ్వాలు దులపగానే, కొండబాబు ఎడమ చేతి వెనకభాగంతో తన ఎడమ చెంపని కింద నుంచి పైకి ఒక్కసారి రుద్దుకునేవాడు.

"మావా, ఇటుపక్క ఇంకా గరుకుంది."

"నీ మొకమే గరుకురా. బ్లేడుదేటి తప్పు?"

"ఇంకో సుట్టు ఎయ్యి మావా."

"ఇంకో సుట్టు ఏస్తే ఎముక తగుల్తాది."

కర్టెన్ వెనక నుంచి నేను, "బాబాయ్, ఇటు రా, దారంతో లాగీస్తాను" అనేదాన్ని.

"ఒద్దు తల్లీ, మీ తాతే నయం" అని లేచిపోయేవాడు. గుమ్మం దాటుతూ కూడా ఆ చెంప రుద్దుకుంటూనే ఉండేవాడు.

ఈ ఏడు ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున కొండబాబు పడవ మీదే గుండె పట్టుకుని పడిపోయాడు. ఒడ్డుకి తెచ్చేసరికి లేడు. మర్నాడు కబురు రాగానే తాతని స్కూటీ వెనక ఎక్కించుకుని చమఖండి పోయాను. తాత ఒక చేత్తో నా భుజం, ఇంకో చేత్తో సామాన్ల సంచి పట్టుకున్నాడు. నేను గతుకులో దింపినా తిట్టలేదు. అందుకే నాకు కొంచెం భయమేసింది.

కొండబాబు ఇల్లు సముద్రానికి ఎదురుగా, సరుగుడు చెట్ల పక్కన ఉంది. దక్షిణానికి తలపెట్టి అరుగు మీద పడుకోబెట్టారు. స్నానం చేయించి పసుపు రాశారు. దవడ జారకుండా తలమీదుగా గుడ్డ కట్టారు. భార్య కాసమ్మ గుమ్మంలో కూలబడి ఉంది. తమ్ముడు కేరళ నుంచి రైల్లో వస్తున్నాడని అప్పటికే ఒక రాత్రంతా ఆపారు.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. పాడె ఎప్పుడూ నీరు వెనక్కి లాగే వేళలోనే లేవాలి. ఆటు నీటితోపాటు మనిషి వెళ్లిపోతాడు. నీరు తిరిగి పోటెత్తాక లేపితే, అదే నీటితో వెనక్కి వచ్చేస్తాడట.

తమ్ముడు వచ్చి ఏడ్చి లేచాక గానీ తాతని అరుగు ఎక్కనివ్వలేదు. ఆయన నీలి కాగితం బ్లేడు విరిచాడు, నురగ పట్టించాడు, కుడి చెంప మొదలుపెట్టాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. సముద్రం దూరంగా, తక్కువ చప్పుడుతో ఉంది. తాత కళ్లు మూసుకుని చెంపని వింటున్నాడు. కుడి చెంప పూర్తయింది. ఆ సగం తీసి తల కింద పెట్టి, రెండో సగం కాగితం అందుకున్నాడు. పసుపు చేతి ముద్ర ఆ నీలి కాగితం మూల మీద పడింది.

అప్పుడే నీటి అంచున నిలబడ్డ పెద్దాయన కేకేశాడు. "నీరు తిరుగుతంది! ఎత్తండి, ఎత్తండి!"

"ఒక్క పక్క ఉండిపోనాది, ఆగండి" అన్నాడు తాత.

"కాలిపోయే మొకానికి గెడ్డం ఏటి నరసన్నా? లెగు!"

నలుగురూ ఎత్తేశారు. తాత అరుగు మీద చేతిలో కాగితంతో అలాగే కూర్చుండిపోయాడు. పాడె మీద కొండబాబు తల ఇటు ఒరిగింది. గీయని ఎడమ చెంప, దాని మీద ఆరుతున్న తెల్లటి నురగ. మలుపు తిరిగేదాకా ఆ చెంపే నాకు కనిపించింది.

ఆ రెండో సగాన్ని పరుగెత్తి చితి మీదైనా వేయాల్సింది. కానీ వాడని సగాన్ని పారేయడం ఆ చేతికి అలవాటు లేదు. సంచిలో పడింది. బరంపురం చేరాక, అన్ని సగాల్లాగే రేకు డబ్బాలోకి చేరింది. అది తాత బుద్ధి చేసిన పని కాదు, చెయ్యి తనంతట తాను చేసిన పని.

ఆ తరవాత కొన్నాళ్లకి నీలి కాగితం రావడం ఆగిపోయింది. బ్లేడ్లు అమ్మే హోల్‌సేల్ కొట్టువాడు ఎర్ర కాగితం రకం ఒకటి చేతిలో పెట్టి, "ఇదీ బాగుంటాది, సూడు" అన్నాడు. బాగుంటుందని ఇంకొకరు చెబితే ఒప్పుకునే ముఖమా మా తాతది? మరునాడు పొద్దున్నే తాత అద్దం ముందు కూర్చున్నాడు. డబ్బా అడుగున మిగిలిన ఆఖరి నీలి సగం ఎడమ చెంపకి, ఎర్ర సగం కుడి చెంపకి.

"ఎలగుంది?" అన్నాను.

"ఎర్రది పరవానేదు. కుంచెం గొణుగుతంది." ఎడమ వైపు తల వంచి ఆగాడు. "ఇది..."

"ఏటయింది?"

"సప్పుడే నేదు."

చప్పుడు లేని పదునంటే ఇంకేం కావాలి, అనుకున్నాను. పటిక రుద్దుకున్నాడు. కుడి చెంప చురుక్కుమంది. ఎడమ చెంప దగ్గర పటిక బిళ్లని తిప్పి చూసుకుని, మళ్లీ తడిపి, మళ్లీ రుద్దాడు.

తరవాత నాలుగైదు పొద్దులకి కుడి చెంప మీద ఎప్పటిలాగే తెల్లటి మొలకలు వచ్చాయి. ఎడమ చెంప మాత్రం గీసిన నాటి నునుపుతోనే ఉంది. వారం గడిచింది. కుడివైపు గడ్డం దువ్వుకునేంత అయింది, ఎడమవైపు గాజు పలకలా ఉంది.

నేను ఊరుకుంటానా? ఇటు నిలబడి, "నమస్కారం తాతా" అని, అటు తిరిగి, "ఏం బాబూ, ఏ కాలేజీ?" అనేదాన్ని. రైల్వే ఆఫీసులో పనిచేసే ఫణిభూషణ్ గారు వచ్చి కళ్లు పెద్దవి చేసుకుని చూశారు.

"నరసన్నా, ఏ బ్లేడయ్యా అది? ఒక్కసారి గీస్తే వారం గ్యారంటీనా? మాకెందుకు దాచిపెట్టినావు?"

"అలాటి గిట్టుబాటు మీకొద్దు బాబూ" అన్నాడు తాత. నవ్వలేదు.

ఆ మాటతో నా నవ్వు కూడా సగంలో ఆగింది. అప్పటినుంచి దగ్గరగా చూడటం మొదలుపెట్టాను. సాయంత్రం దోమలు ఆయన కుడి చెంప మీదే వాలేవి. ఎడమ చెంప దాకా వచ్చి, చుట్టూ తిరిగి వెళ్లిపోయేవి. వేడి తువ్వాలు కప్పితే కుడి చెంప ఎర్రబడేది, ఎడమ చెంప మీద తువ్వాలే చల్లారిపోయేది. నిద్రపోతున్నప్పుడు వేలితో ముట్టుకున్నాను. వేసవి కాలం, ఫ్యాను తిరిగినా చెమటలు పట్టే గది. ఆ చెంప పొద్దుటి ఇసకలా చల్లగా, కొంచెం తడిగా ఉంది. వేలు నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు.

డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. మూతి వంకర పోయిందేమో చూశాడు, నవ్వమన్నాడు, కళ్లు మూయమన్నాడు. అన్నీ బాగున్నాయి, ఈ వయసులో వెంట్రుకలు రాలడం మామూలే అన్నాడు. తాత బయటికొచ్చి, "నాకు రాలనేదు. ఎవుడో అట్టుకుపోతన్నాడు" అన్నాడు.

కాసమ్మ వచ్చింది ఆ మధ్యాహ్నమే. దినకార్యాలు ముగిశాక ఆవిడ ఇల్లు కదలడం అదే మొదటిసారి. ఆడమనిషి కదా అని నా కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. తాగలేదు. కర్టెన్ పక్కకి జరిపి తాతతోనే మాట్లాడింది.

"మావయ్యా, నీకాడికే ఒచ్చినాను. ఆయన ఒస్తన్నాడు."

"కలలోనా పిన్నీ?" అన్నాను.

"కలే అనుకుంతన్నానమ్మా. మజ్జానం కునుకు అట్టినప్పుడే. నీరు పోటు మీదున్నప్పుడే. అరుగు మీద గోడకేసి తిరిగి కూకుంతాడు. పిలిస్తే పలకడు. ఇలగ సేసుకుంతాడు." చేతి వెనకభాగంతో తన ఎడమ చెంపని కింద నుంచి పైకి రుద్దుకుంది. "గెడ్డం ఉంది మావయ్యా. ఆ ఒక్క పక్కే. ముందర కుంచెం ఉండీది. ఇప్పుడు గుండెల దాకా దిగిపోనాది."

తాత చెయ్యి మెడలో తువ్వాలు మీదికి పోయింది.

"ఇంకోటి సెప్పాల." ఆవిడ గొంతు తగ్గింది. "మా ఆయనకి ఒక్క తెల్లెంటిక నేదు, నీకు తెలుసు గదా. ఆ గెడ్డం తెల్లగుంది."

తాత మెడలో తువ్వాలు నెమ్మదిగా పైకి లాగి ఎడమ చెంప కప్పుకున్నాడు. కానీ కాసమ్మ అప్పటికే చూసేసింది. కుడివైపు ఒత్తుగా తెల్లగడ్డం, ఎడమవైపు ఏమీ లేదు. ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడిపోయింది.

తాత డబ్బా కింద కుమ్మరించాడు. కాగితాలన్నీ పక్కకి తోశాడు. ఎడమ చెంప మీద వాడిన నీలి సగం తిరిగి తన కాగితంలోనే ఉంది, ఆయన అలవాటు అది. మూల మీద ఎండిపోయిన పసుపు వేలిముద్ర.

"ఇది ఆడి సగం" అన్నాడు. "ఆడి తల కింద ఉండాల్సింది. నా మొకం మీద ఏసుకున్నాను."

ఆ రోజే కొట్టు మూసేశాడు. ఈ చేత్తో బతికున్నవాడి ముఖం ముట్టుకోనని కత్తి గుడ్డలో చుట్టేశాడు. ఎంత తిట్టినా, ఎంత వెక్కిరించినా కొట్టు తెరవడు. పొద్దున్నే అద్దం ముందు కూర్చుని వేలితో గడ్డం మధ్య తడుముకుంటాడు. ఎందుకో ముందు నాకు అర్థం కాలేదు. తరవాత నేనూ చూశాను. ఆ నునుపు ఎడమ చెంపతో ఆగలేదు. సగం మీసం తిన్నది. చుబుకం నడిమి గీత దాటింది. రోజూ కొంచెం కుడికి జరుగుతోంది, తడి ఇసక మీదికి నీరు ఎక్కినట్టు.

"అది కుడి సెవి దాకా ఎల్తే ఏటవుతాది తాతా?"

"అప్పుడు నా పాడె లెగిసినపుడు గెడ్డం గీసే పని ఎవురికీ ఉండదు."

నేను నవ్వి కొట్టిపారేయాలనుకున్నాను. రాలేదు. రాత్రి కూర వండుతూ ఉల్లిపాయలు లేకుండానే ఏడ్చాను. నేను ఆటపట్టించేందుకు ఈ లోకంలో నాకున్నది ఆ ఒక్క ముసలాయనే.

పొద్దున లేచేసరికి తాత చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో సంచి.

"పద. సెమకండి ఎల్దాం. పని సగంలో ఉండిపోనాది, పూర్తి సెయ్యాల."

"ఎవురికి గీస్తావు? ఆ మనిషేడీ? ఆ మొకమేదీ?"

ఆయన తన ఎడమ చెంప మీద వేలు పెట్టాడు. "ఇదిగో, ఇక్కడుంది. ఆడి మొకం నాకాడుంది, నాది ఆడికాడుంది."

"మరి గీసుకో."

"పోనోడు తనకు తాను గీసుకుంతాడేటే ఎర్రిగుంటా? నువ్వు గీస్తావు."

నా చేతులు దారం పట్టే చేతులు. కత్తి ఏనాడూ పట్టలేదు. బజార్‌లో ఇంకో సెలూన్ అతన్ని పిలుద్దామన్నాను. తాత ఒప్పుకోలేదు. బతికున్నవాళ్ల ముఖాలు గీసే చెయ్యి దీన్ని ముట్టుకోకూడదట. నా చేతికి గడ్డం తెలియదు కాబట్టి నా చెయ్యే కావాలి. చదువు రానందుకు ఇన్నాళ్లకి ఒక ఉద్యోగం దొరికింది.

మిట్టమధ్యాహ్నం నీరు వెనక్కి లాగుతుండగా కాసమ్మ అరుగు మీద చాప పరిచింది. తాత దక్షిణానికి తలపెట్టి పడుకున్నాడు. దవడకి గుడ్డ కట్టమన్నాడు. కట్టాను.

"ఇను. నాను పలకను. నువ్వు పిలవకు. ఏటి ఇన్నా ఆపకు. నీరు తిరిగీలోగా అయిపోవాల."

"మధ్యలో దగ్గొస్తే?"

"సచ్చినోడికి దగ్గేటే?" అని కళ్లు మూసుకున్నాడు. ఆ తరవాత ఆయన ఛాతీ లేవడం నాకు కనిపించలేదు. ఎంతసేపు చూసినా కనిపించలేదు.

నురగ పట్టించాను. నీలి కాగితంలోంచి ఆ సగం తీసి పిడిలో బిగించాను. చెవి పక్క నుంచి కిందికి మొదటి గీత గీశాను. ఆ చెంప మీద ఒక్క వెంట్రుక లేదు, నా కళ్లతో నేను చూశాను, వేలితో తడిమాను. కానీ కత్తి కింద చప్పుడు వచ్చింది. కొబ్బరి పీచు చీల్చినట్టు, గరగరమని, మొండిగా. ఆ చప్పుడు నాకు తెలుసు. ఎన్ని మధ్యాహ్నాలు కర్టెన్ వెనక నుంచి విన్నానో.

కత్తి ఎత్తి నురగని గుడ్డకి తుడిచాను. తెల్లటి నురగ నిండా నల్లటి వెంట్రుకలు.

కాసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఆపలేదు. ఆపొద్దన్నాడు కదా. రెండో గీత, మూడో గీత. గుడ్డ మీద నలుపు పెరిగింది. సముద్రం చప్పుడు ఇంకా ఇంకా దూరం పోయింది. సరుగుడు చెట్లు కూడా గాలి బిగబట్టినట్టు ఉన్నాయి. దవడ కింద, మెడ దాకా గీసి, అయిపోయిందనుకుని కత్తి కింద పెట్టబోయాను.

కట్టిన దవడ కదలకుండానే, తాత నోట్లోంచి మాట వచ్చింది. తాత గొంతు కాదు.

"ఇటుపక్క ఇంకా గరుకుంది."

కాసమ్మ "ఓలమ్మా" అని గోడకి జారబడింది. నా కాళ్లు లేచి పరుగెత్తాయి గానీ, నేను మాత్రం అక్కడే ఉన్నాను. అలాగే అనిపించింది. మా తాత ఎప్పుడూ చెప్పే సమాధానమే చెప్పాను.

"నీ మొకమే గరుకు బాబాయ్. ఇదిగో, ఇంకో సుట్టు ఏస్తన్నాను. ఇదే ఆకరు."

మళ్లీ నురగ పెట్టి, కింద నుంచి పైకి ఎదురు గీత గీశాను. ఈసారి చప్పుడు తగ్గింది. కొత్త చీర మడత విప్పినట్టు వచ్చి, ఆగిపోయింది. గుడ్డ మీద నురగ ఒట్టి తెల్లగా ఉంది.

కాసమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చింది. తన కొంగు తడిపి ఆ చెంప తుడిచింది. ఎవరి చెంప తుడుస్తోందో ఆవిడకి తెలుసు. "ఎల్లిరా" అంది మెల్లగా. తరవాత ఆ గుడ్డనీ, పిడిలోంచి తీసిన సగం బ్లేడునీ, నీలి కాగితాన్నీ కలిపి మూట కట్టి, ఇసక మీదుగా నీటి దాకా నడిచి వెళ్లింది. వెనక్కి పోతున్న అలలో వదిలింది. మూట ఒక్కసారి పైకి తేలింది, అల దాన్ని లోపలికి లాగేసింది.

నేను దవడ కట్టు విప్పాను. తాత కదల్లేదు. పిలవొద్దన్నాడని పిలవలేదు. కానీ పిలవకుండా ఉండటానికి ఏం చేయాలో ఆయన చెప్పలేదు. సంచిలో చెయ్యి పెడితే పటిక బిళ్ల దొరికింది. తడిపి ఆ ఎడమ చెంప మీద గట్టిగా రుద్దాను.

ఏమీ లేదు.

ఇంకోసారి రుద్దాను. కళ్లలో నీళ్లు పటిక మీదే పడ్డాయి.

"అబ్బబ్బ! మండుతంది, మండుతంది! ఎన్ని గాట్లు ఎట్టినావే?"

ఆ చెంప భగ్గుమని ఎర్రబడింది. నాకు తెలిసి నరసన్న పరీక్షలో అంత ఘోరంగా తప్పిన బ్లేడు గానీ, చెయ్యి గానీ ఇంకోటి లేదు. నేను ఆయన మెడ పట్టుకుని ఏడుస్తుంటే, "నా మెడ ఒగ్గీ, ఆ పటిక ఇంకా నీ సేతిలోనే ఉంది" అని అరిచాడు.

ఎదురుగా సముద్రం ఒక్క క్షణం నిలబడింది. తరవాత మొదటి అల ఇటు తిరిగింది. ఆ అల అరుగు వైపు చూడను కూడా చూడలేదు.

ఆ తరవాత కొండబాబు కాసమ్మ కునుకులోకి రాలేదు. తాత ఎడమ చెంప మీద తెల్లటి మొలకలు వచ్చాయి. దోమలు రెండు వైపులా వాలుతున్నాయి. కొట్టు మళ్లీ తెరిచాడు, ఎర్ర కాగితం బ్లేడు ఒప్పుకున్నాడు. కుంచెం గొణిగినా మనిషిలా గొణుగుతుందట, అదే నయమట. పోయినవాళ్ల దగ్గరికి పిలిస్తే ఇప్పుడు ముందు ఎడమ చెంప మొదలుపెడుతున్నాడు. నీరు తిరిగిందని ఎవరైనా కేకేస్తే, "నీరు నా మాట ఇంతాది, మీరు నోరు మూసుకోండి" అంటున్నాడు.

ఒక్కటే తేడా ఉండిపోయింది. ఆయన ఎడమ చెంప మీద, చెవి కింద, తెల్లటి గడ్డం మధ్యలో ఒకే ఒక్క వెంట్రుక నల్లగా వస్తుంది. కొబ్బరి పీచులా మందంగా ఉంటుంది. గడ్డం గీసుకునేటప్పుడు తాత దాని చుట్టూ జాగ్రత్తగా తప్పించి గీసుకుంటాడు. రోజులో ఎప్పుడో ఒకసారి, చెయ్యి తిప్పి, చేతి వెనకభాగంతో దాన్ని కింద నుంచి పైకి రుద్దుకుంటాడు. ఆ సంగతి ఆయనకి తెలియదనుకుంటాను.

నేను రాస్తున్న ఈ కథ మొదటి ముక్క నిన్న తాతకి చదివి వినిపించాను. శవాలు ఫిర్యాదు చేయలేదన్న చోట మీసం కింద నవ్వుకున్నాడు. ఇదే అదననుకుని దారం వేళ్లకి చుట్టుకుని దగ్గరికి జరిగాను.

"ఇంత పేరు తెచ్చిపెట్టినాను కదా తాతా, ఆ నల్లెంటిక ఒక్కటి లాగీనీ. అందంగుంటావు."

"సెయ్యి ఎనక్కి తీ" అన్నాడు. "అది నాది కాదు."